సంవత్సరం ఉన్న వైపు

సంచి మూతి విప్పి నాణేలు బల్ల మీద కుమ్మరించగానే దోబ్రింకాకి సంగతి అర్థమైపోయింది. ఇంకా కళ్ళజోడైనా పెట్టుకోలేదు. ముందు దొర్లిన గుప్పెడు నాణేలు వెండి మోగాల్సినట్టే మోగాయి, సన్నగా, సాగుతూ, బల్ల అంచుదాకా వెళ్ళి ఆగాక కూడా చెవిలో కాసేపు నిలిచేలా. వాటి వెనక పడ్డవన్నీ మేకుల డబ్బా తిరగేసినట్టు టకటకమని ఊరుకున్నాయి.

ఆమె ఖాళీ సంచి పక్కన పడేసింది. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కొక్క నాణేన్నీ తిరగేయడం మొదలుపెట్టింది. ఒకవైపు రాజుగారి తల. అన్నిటి మీదా అదే తల, అదే ముక్కు. రెండోవైపు విలువ, యాభై లెవలు, కింద సంవత్సరం. 1934. 1934. 1934. ఆ తర్వాత 1940. ఇక చివరిదాకా 1940లే.

ముప్పై నాలుగులో ముద్రించిన ప్రతి నాణెంలోనూ సగానికి సగం వెండి. నలభై నాటికి పక్క దేశాల్లో యుద్ధం మొదలైపోయింది, రాగీ నికెలూ కలిపి పోసేశారు. అదే విలువ, అదే తల, అరచేతిలో ఇంచుమించు అదే బరువు. అయస్కాంతానికి రెండూ అంటవు. తేడా తెలియాలంటే సంవత్సరం చూడాలి, లేదా మోగించి వినాలి.

స్లివెన్ పట్టణంలో ఈ ముక్క ఆమెకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. నృత్య బృందాల ఆడపిల్లలు ఛాతీ మీద వేసుకునే కాసులపేర్లు ఇరవై ఆరేళ్ళుగా ఆమే కడుతోంది. వెండి నాణేలు కుప్పగా కొనాలని ఎవరొచ్చి అడిగినా వేళ్ళు మడిచి మరీ చెప్పేది: రెండువైపులా ఫొటో అడగండి, రాసిన ప్రతి మాటా రెండుసార్లు చదవండి, విప్పి చూడకుండా డబ్బు కట్టకండి.

తను ఏం చేసింది? రెండోవైపు చూపించమని అడిగితే పాత సామాన్ల సైట్‌లో అమ్ముతున్నవాడు ఒకే ఒక్క నాణెం తిప్పి ఫొటో పంపాడు. 1934. అది చాలనుకుంది. కొరియర్ ఆఫీసులో తన వెనక పదిమంది వరసలో నిలబడి ఉసూరుమంటుంటే డబ్బు కట్టేసి, సంచి చంకలో పెట్టుకుని వచ్చేసింది. ఇరవై నాలుగో తారీఖు పండగ ఊరేగింపు, అప్పటికి ఆరుగురు పిల్లల కాసులపేర్లు కట్టివ్వాలి. చేతిలో ఉన్నవి పదకొండు రోజులు. తొందర.

వెండివి ఒకవైపు, కానివి ఒకవైపు పేర్చింది. ముప్పై ఒకటి. నూట అరవై ఏడు.

"ఛీ," అంది గట్టిగా, ఖాళీ గదిలో.

*

మర్నాడు పొద్దున్నుంచీ ఫోన్ చేస్తూనే ఉంది. సంచి మీద అంటించిన కాగితంలో పంపినవాడి పేరు పాంతెలెయ్ స్తోయ్‌కోవ్, ఊరు కర్నోబాత్.

"హలో? హలో?" అన్నాడు ముసలి గొంతుతో.

"అయ్యా, నేను స్లివెన్ నుంచి మాట్లాడుతున్నాను. మీరు పంపిన నాణేలు..."

"హలో? ఎవరండీ?"

"నాణేలండీ! నాణేలు!"

"వినపడట్లేదు," అని పెట్టేశాడు.

రెండోసారీ అంతే. మూడోసారి ఎత్తలేదు. దొంగవేషాలు వేస్తున్నాడని ఆమెకి ఒళ్ళు మండిపోయింది. పాత సామాన్ల సైట్‌లో మెసేజ్ పెట్టింది: "మీ సంచిలో ముప్పై ఒకటే వెండివి. మిగతా అన్నీ నలభై నాటివి. నా డబ్బు పంపండి." గంట తర్వాత జవాబొచ్చింది: "నేను రాసింది మళ్ళీ చదువుకోండి."

చదివింది. పైన పెద్ద అక్షరాలతో "రాజుల కాలపు నాణేలు, వెండి, రెండు కిలోలు". కింద చిన్న అక్షరాలతో "లాటులో వెండి నాణేలు ఉన్నాయి". ఫొటోలో వరసలు వరసలుగా రాజుగారి తలలు. సంవత్సరం ఎక్కడా లేదు, సంవత్సరం ఉన్న వైపు బట్టకి ఆనుకుని ఉంది.

సైట్‌వాళ్ళకి ఫిర్యాదు రాసింది. మధ్యాహ్నానికి వాళ్ళూ జవాబిచ్చారు. లాటులో వెండి నాణేలు ఉన్నాయని అమ్మకందారు పేర్కొన్నారు, ఉన్నట్టు మీరే ఒప్పుకున్నారు, కాబట్టి ఈ ఫిర్యాదు ముగించడమైనది, మీ అనుభవాన్ని ఐదు నక్షత్రాలకి ఎన్నిటితో కొలుస్తారో తెలపగలరు.

ఆమె ఒక్క నక్షత్రం నొక్కింది. ధన్యవాదాలు అని వచ్చింది.

కొరియర్ ఆఫీసుకి వెళ్తే కౌంటర్లో ఉన్న అమ్మాయి కంప్యూటర్లో చూసి పెదవి విరిచింది. "పంపినాయన విప్పి చూసే వీలు తీసేశాడు పిన్నీ. మీరు అడిగినా డబ్బు కట్టకముందు నేను విప్పనిచ్చేదాన్ని కాదు."

"మరి ఆ మాట నిన్ననే చెప్పొచ్చుగా!"

"మీరు అడగలేదుగా పిన్నీ."

ఇంటికొచ్చేసరికి గుమ్మంలో జెనొవేవా నిలబడి ఉంది. నృత్య బృందం నడిపేది ఆమే. ఆరుగురు పిల్లలు, ఒక్కొక్కరికి ఇరవై నాలుగు కాసులు. ఊరికే మెరిసే ఇత్తడి బిళ్ళలు వద్దు, పూర్వంలా వెండి కావాలని పిల్లల తల్లుల్ని ఒప్పించిందీ, వాళ్ళ దగ్గర డబ్బు పోగుచేయించిందీ మాత్రం దోబ్రింకా.

జెనొవేవా బల్ల మీది రెండు కుప్పలూ చూసింది. "ఇదేంటక్కా? రెండు వాటాలు వేశావు?"

దోబ్రింకా చెప్పింది. చెప్తున్నంతసేపూ పటకారుని విప్పుతూ మూస్తూ ఉంది.

"పోనీ ఇవే కట్టెయ్. తెల్లగా బానే ఉన్నాయిగా. రోడ్డు మీద నడిచి పోయేవాళ్ళ మెడల్లో ఉన్నది ముప్పై నాలుగో నలభైయో ఎవడికి తెలుస్తుంది?"

దోబ్రింకా బల్ల మీదికి వంగింది. పెద్ద కుప్పలోంచి రెండు తీసి ఒకదానికొకటి తగిలించింది. తర్వాత చిన్న కుప్పలోంచి రెండు.

జెనొవేవా కాసేపు ఆ చివరి మోత వింది. "సరే, తెలుస్తుంది," అని ఒప్పుకుంది. "కానీ పిల్లల్లో ఆ మీరా వాళ్ళమ్మ అడిగితే ఏం చెప్పను? ఆవిడ సంగతి నీకు తెలుసుగా. మన అక్క మధ్యలో ఏదో నొక్కేసిందంటుంది."

"అననీ."

"నువ్వు అననీ అంటావు. ఆవిడతో రోజూ మాట్లాడేది నేను!" అని విసురుగా వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం దోబ్రింకా ఉన్న వాటికే టంకం పెట్టడానికి కూర్చుంది. వెండి నాణెం అంచున వెలిగారం రాసి, సన్నని ఉంగరం ఆనించి, మంట చూపించింది. టంకం నీళ్ళలా పాకి సరిగ్గా మూలలో ఆగింది. మామూలుగా అయితే ఆ ఆగడం చూసి ఆమెకి ప్రాణం హాయిగా ఉంటుంది. ఆ రోజు మూడు కాసులు చేసి మంట ఆర్పేసింది. నూట అరవై ఏడింటినీ మళ్ళీ అదే సంచిలో పోసి మూతి బిగించింది.

*

బుధవారం పొద్దుటి రైల్లో కర్నోబాత్ వెళ్ళింది. సంచి ఒళ్ళో పెట్టుకుంది, దారి పొడవునా తొడ మీద బండలా నొక్కుతూనే ఉంది. ఏమనాలో మనసులో వరసగా పేర్చుకుంది. సిగ్గులేదా అనాలి. ఆడపిల్లల డబ్బు అనాలి. పోలీసుల మాట కూడా ఎత్తాలి.

స్టేషన్ బయట పత్రికల బంకులో కూర్చున్నావిడని అడిగింది.

"చెవిటి పాంతెలెయా? ఆ పట్టాల వెంబడే పోండి, పచ్చ గేటు. తలుపు కొడితే లాభం లేదు, కిటికీ ముందు నిలబడి చేతులు ఊపండి. పాపం, వ్యాగన్ల షెడ్డులో ముప్పై ఏళ్ళు రివెట్లు కొట్టి కొట్టి చెవులు పోగొట్టుకున్నాడు."

దోబ్రింకా పేర్చుకున్న మాటల్లో సగం అక్కడే చెదిరిపోయాయి. మిగతా సగం గట్టిగా పట్టుకుని పచ్చ గేటు దగ్గరికి వెళ్ళి, కిటికీ ముందు నిలబడి, చేతులు ఊపింది. కోపంగా చేతులు ఊపడం ఎలాగో ఆమెకి తెలియలేదు.

తలుపు తీసిన మనిషి పొడుగ్గా, వంగిపోయి ఉన్నాడు. ఉన్ని చొక్కా మోచేతుల దగ్గర మాసికలు. నోట్లో పళ్ళు మాత్రం కొత్తవి, తెల్లగా, ముఖానికి పెద్దవైపోయి. ఆమె మాట్లాడకుండా సంచి ఎత్తి చూపించింది. అతను సంచిని చూశాడు, ఆమెను చూశాడు, పక్కకి జరిగి దారిచ్చాడు.

వంటింట్లో బల్ల మీద సంచి దించింది. "ఇది వెండా?" అని అరిచింది.

"అరవక్కర్లేదమ్మా. ఎదురుగా కూర్చుని మెల్లిగా మాట్లాడు, పెదాలు చూస్తాను."

కూర్చుంది. మెల్లిగా మాట్లాడితే కోపం కూడా మెల్లిగానే వస్తోంది, అదో చికాకు. "ఇవి... వెండి... కావు. మీకు తెలుసు."

"తెలీదు," అన్నాడతను. సంచి మూతి సవరించి, "కొంచెం తెలుసు," అన్నాడు.

పోయిన చలికాలంలో ఒకటి తర్వాత ఒకటి ఆరు సంచులు కొన్నాడట. నోట్లు ఎప్పుడేమవుతాయో తెలీదు, వెండైతే ఎక్కడికీ పోదని టీవీలో ఎవరో అంటే. మార్చిలో ఒక సంచి అమ్మకానికి పెడితే, కొనేవాడు కొరియర్ కౌంటర్ దగ్గరే విప్పి, నాణేలు ఒకదాంతో ఒకటి కొట్టి, తిట్టి వెనక్కి పంపేశాడు.

"మోగట్లేదని రాశాడు. నాకు ఏదీ మోగదమ్మా, వాడన్నది నిజమో అబద్ధమో నాకెలా తెలుస్తుంది? ఈసారి విప్పకుండా కొనేవాళ్ళకే అమ్ముదామనుకున్నాను."

"ఆ రాసిన మాటలు?"

"నాకు అమ్మినవాడివే. ఫొటోలు కూడా వాడివే, ఆ తిప్పిన నాణెంది కూడా. నాకు పనికొచ్చిన మాటలు ఇంకొకళ్ళకీ పనికొస్తాయనుకున్నాను. నేను నమ్మాగా!"

"మరి నా డబ్బు?"

అతను నోరు తెరిచి వేలితో పైపళ్ళు తట్టి చూపించాడు. "ఇక్కడుంది. పీక్కుపో."

నవ్వు రాబోతుంటే ఆమె పళ్ళు బిగించింది. నవ్వడానికి రాలేదు తను.

అతను లేచి, అటక కింది గదిలోంచి పెద్ద ఎనామెల్ బేసిన్ ఒకటి మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. నిండా నాణేలు. మిగతా ఐదు సంచులూ అందులోనే కలిపేసినట్టున్నాడు. "నీ సంచి తిరిగి నాకిచ్చెయ్. బదులుగా ఇందులోంచి నీకు కావాల్సినవి ఏరుకో. లెక్కకి లెక్క. నాకన్నీ ఒకటే. పొద్దున లేస్తే వీటి మొహం చూడాలంటేనే విసుగొస్తోంది."

కాఫీ పెడతానని పొయ్యి దగ్గరికి వెళ్ళాడు.

ఆమె బేసిన్లో చేయి పెట్టింది. ఒకటి తీసి గోటితో అంచు మీటింది. చచ్చిన చప్పుడు. ఇంకొకటి. అదీ అంతే. మూడోది మోగింది. ఆ మోత వంటింటి గోడలకి తగిలి వెనక్కి వచ్చింది. పొయ్యి దగ్గరున్న మనిషి వెనక్కి తిరగలేదు.

ఆమె వేళ్ళు వాటంతటవే పని మొదలుపెట్టాయి. మీటడం, వినడం, పక్కన పెట్టడం. ఏడు. పదిహేను. కాఫీ గిన్నె పొంగింది, అతను తిట్టుకుంటూ గుడ్డతో తుడిచాడు. ఇరవై రెండు. ఎవరో అమ్మినవాడు ప్రతి సంచిలోనూ పైపొరగా వేసిన వెండి, అడుగునున్నదాంతో కలిసిపోయి ఇన్నాళ్ళూ ఇక్కడే పడి ఉంది. ఏరుకో అన్నది అతనే. తనకి వెండి అని అమ్మినదీ అతనే. అతను అన్న మాట ప్రకారమే తీసుకుంటోంది, ఇందులో తప్పేముంది?

అతను కాఫీ తెచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఆమె నాణెం మీటినప్పుడల్లా నాణేన్ని చూడటం మానేసి ఆమె ముఖం చూస్తున్నాడు. అక్కడేదో రాసి ఉన్నట్టు.

తొంభై ఆరు దగ్గర బేసిన్ అడుగు తగిలింది. దోబ్రింకా రెండు చేతులతో ఆ తొంభై ఆరింటినీ దగ్గరికి లాక్కుంది. మోగనివాటినీ, సంచిలోని నూట అరవై ఏడింటినీ బేసిన్లోకి పోసి, ఖాళీ సంచి మూతి తెరిచి పట్టుకుంది. ఇక పోసుకుని లేవడమే.

"కాఫీ చల్లారిపోతోంది," అన్నాడతను.

ఆమె తలెత్తింది. "పాంతెలెయ్ గారూ, ఇవి వెండి," అంది, పెదాలు స్పష్టంగా కదిలేలా. "మీ దగ్గర ఉన్న వెండంతా ఇదే. ఆ బేసిన్లో మిగిలినవాటికి విలువ లేదు. మీరు నాకు వెండి అని అమ్మారు కాబట్టి వీటిని తీసుకెళ్తున్నాను. మీకు తెలిసి తీసుకెళ్తున్నాను."

అతను ఒక నాణెం తీసి వెనక్కి తిప్పాడు. ఆమె వేలితో సంవత్సరం చూపించింది. బేసిన్లోంచి ఒకటి తీసి అదీ తిప్పి చూపించింది. అతను రెండిటినీ కిటికీ వెలుగులో పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇంతేనా?" అన్నాడు. "ఇంత చిన్న విషయమా? చెవితో పనే లేదన్నమాట."

"లేదు."

అతను ఆ రెండు నాణేలూ కింద పెట్టాడు. తర్వాత తన పెద్ద అరచేతిని, రివెట్లు కొట్టిన చేతిని, మెల్లిగా తెచ్చి ఆమె ముందున్న కుప్ప మీద బోర్లించాడు.

"అయితే ఇవ్వను," అన్నాడు.

దోబ్రింకా కుర్చీలోంచి సగం లేచింది. "ఇప్పుడేగా ఏరుకోమన్నారు!"

"అప్పుడు తెలీదుగా."

"తెలిసేలా చెప్పింది ఎవరు? నేను నోరు మూసుకుని ఉంటే ఈపాటికి స్టేషన్లో ఉండేదాన్ని!"

"ఉండేదానివి," అని ఒప్పుకుంటూ అతను తల అటూ ఇటూ ఊపాడు. "ఎందుకు చెప్పావు మరి?"

"నాకేం తెలుసు! తప్పయిపోయింది. అక్కడ ఆరుగురు పిల్లలు, వాళ్ళ తల్లులు, అందరికీ నేను జవాబు చెప్పుకోవాలి. మీరు ఒకళ్ళ చేతిలో మోసపోయి ఆ మోసాన్ని నాకు అంటించారు. నేను మీకు అంటించకుండా ఊరుకున్నాను. దానికి నాకిదా?"

మెల్లిగా మాట్లాడటం మర్చిపోయింది. ఎన్ని మాటలు అతనికి అందాయో తెలియదు.

అతను చేయి తీయలేదు. కిటికీ బయట గూడ్సు బండి ఒకటి పోయింది. కప్పులు గలగలలాడాయి. తర్వాత అతను అరచేతిని నిలువుగా తిప్పి, కుప్పని మధ్యకి కోసి, ఒక సగాన్ని ముంజేత్తో ఆమె వైపు నెట్టాడు.

"సగం," అన్నాడు.

"నాకు రావాల్సింది ఇంతకంటే చాలా ఎక్కువ."

"ఎక్కువే. నాకు రావాల్సిందీ ఎక్కువే. ఆ అమ్మినవాడు ఎక్కడున్నాడో ఇద్దరికీ తెలీదు."

ఆమె నలభై ఎనిమిదీ సంచిలో వేసుకుంది. కాఫీ తాగలేదు. గేటు దాకా వచ్చి అతను ఏదో అన్నాడు గానీ ఆమె వెనక్కి తిరగలేదు. రైల్లో స్లివెన్ దాకా తనని తనే తిట్టుకుంటూ కూర్చుంది. ఒక్క ఐదు నిమిషాలు నోరు మూసుకోలేకపోయావు, అని. సంచి ఇప్పుడు తేలిగ్గా ఉంది. ఆ తేలిక కూడా ఒళ్ళు మండించేలాగే ఉంది.

*

శుక్రవారం సాయంత్రం పిల్లల తల్లులందరినీ పిలిపించి బల్ల చుట్టూ నిలబెట్టింది. జెనొవేవా గోడకి ఆనుకుని చేతులు కట్టుకుంది.

"ఒక్కొక్కరికి పదమూడు వెండి కాసులు వస్తాయి. మిగతా పదకొండూ ఇత్తడివి. నేను చూసుకోకుండా కొన్నాను, అది నా పొరపాటు. పైరెండు వరసలూ వెండి, కిందవి ఇత్తడి. ఏవి ఏవో మీరే మీటి చూసుకోండి. తగ్గిన వెండికి బదులుగా నా కూలి తీసుకోను."

మీరా వాళ్ళమ్మ ఒక కాసు మీటింది. ఇంకొకటి మీటింది. తన పిల్ల వాటా ఇరవై నాలుగూ మీటింది. చెప్పిన లెక్కలో ఎక్కడా తేడా దొరక్క, ముఖం ముడుచుకుని, "సరే, మెడ వెనకాల తాడైనా సరిగ్గా వేస్తుందేమో చూడాలి," అంది. మిగతావాళ్ళు నవ్వారు. దోబ్రింకా నవ్వలేదు. మర్నాటి నుంచి వేళ్ళు కాలేదాకా టంకం పెట్టింది.

ఇరవై నాలుగున పిల్లలు పూలదండలు పట్టుకుని ప్రధాన వీధిలో నడిచారు. బ్యాండు వాళ్ళ వెనకే వచ్చింది, కాబట్టి చాలాసేపు ఎవరికీ ఏమీ వినపడలేదు. చౌరస్తా దగ్గర బ్యాండు ఆగినప్పుడు పిల్లలు నాలుగడుగుల నాట్యం చేశారు. దోబ్రింకా జనంలో నిలబడి వింది. పైన సన్నగా సాగే మోత ఉంది, కింద ఇత్తడి గరగర ఉంది. రెండూ కలిసి ఒకటి కావడం లేదు. జెనొవేవా ఆమె మోచేయి పట్టుకుని, "బావుందక్కా, బావుంది," అంది. ఆమెకి బాగా లేదు. ఎంత వెండి తక్కువో ఆమె చెవి లెక్క కడుతూనే ఉంది.

ఇంటికొచ్చి బూట్లు విప్పి, కాళ్ళు చన్నీళ్ళ బకెట్లో పెట్టుకుని, అలవాటుగా ఫోన్లో పాత సామాన్ల సైట్ తెరిచింది. కొత్తగా వచ్చినవాటిలో కర్నోబాత్ పేరు చూడగానే మళ్ళీ ఒళ్ళు భగ్గుమంది. అదే ముసలాడు, అవే మాటలు, ఇంకెవరి నెత్తినో పెట్టడానికి, అనుకుంటూ నొక్కింది.

ఫొటో కొత్తది. పచ్చగళ్ళ వంటింటి బల్లగుడ్డ మీద నాణేలు వరసలు కట్టి ఉన్నాయి. ఒక్క రాజుగారి తలా కనపడటం లేదు. ప్రతి నాణెమూ వెనక్కి తిప్పి పెట్టి ఉంది, ప్రతి దాని మీదా సంవత్సరం చదవడానికి వీలుగా. నూటికి నూరూ 1940.

కింద ఇలా రాసి ఉంది: "యాభై లెవల నాణేలు. 1940. వెండి కాదు. రాగి, నికెల్. మోగవట, నాకు వినపడదు. విప్పి చూసి తీసుకోవచ్చు. ఫోన్ చేయకండి, రాయండి."

ఆమె రెండుసార్లు చదివింది. ఎక్కడా చిన్న అక్షరాలు లేవు.

కొన్నవాళ్ళెవరూ లేరు. ఎవరో ఒకాయన మాత్రం కింద ప్రశ్న పెట్టాడు: "వెండి కాదని ముందే అంత గట్టిగా చెప్తున్నారంటే ఏదో తిరకాసు ఉండే ఉంటుంది. అసలు సంగతేంటి?" దాని కింద ఇంకొకడు: "దొంగలు ఈమధ్య ఇలా కూడా మొదలెట్టారు. జాగ్రత్త."

పాంతెలెయ్ జవాబు రాయలేదు. ఏం రాయాలో తెలిసి ఉండదు.

దోబ్రింకా తడికాళ్ళు గచ్చు మీద పెట్టి, కళ్ళజోడు వెతుక్కుని, ఒక్కో అక్షరమే నొక్కుతూ రాసింది: "తిరకాసు ఏమీ లేదు. నేను వాళ్ళింటికి వెళ్ళి ఒక్కొక్క నాణెం మీటి చూశాను. ఆయన రాసిందంతా నిజం." కింద తన పూర్తి పేరు పెట్టింది. ఎందుకైనా మంచిదని వీధి పేరు, ఇంటి నంబరు కూడా రాసింది, నమ్మనివాళ్ళు వచ్చి అడగడానికి.